వర్జ్యం వెళ్ళేలోపు చేజారిన జీపు

ముందు టీలు తాగేయండి, తరవాత చెప్తాను. మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం తాగుతూ తాగుతూ విన్నారంటే చీరల మీద పోసుకుంటారు. మళ్ళీ ఆ మరకలకీ నన్నే అంటారు.

తాగేశారా? సరే. "బండి కొన్నారా, బండి కొన్నారా" అని సోమవారం నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు కదా. కొనలేదు. అమ్మేవాళ్ళు రెడీ. కొనేవాళ్ళం రెడీ. రేటు కుదిరింది. అడ్వాన్సు కవరు మా ఆయన జేబులో ఉంది. అయినా కొనలేదు! ఎవరు చెడగొట్టారంటారా? ఇంకెవరు, మీ ఎదురుగా కూర్చున్న ఈ హైమవతి మేడం, జువాలజీ లెక్చరర్. రెండు చేతులా తనే చెడగొట్టుకుంది.

అసలు నాకీ జీపు పిచ్చి ఎక్కడ పట్టుకుందో మీలో సగం మందికి తెలీదు. ఏటా ఫీల్డ్ ట్రిప్పుకి పిల్లల్ని మారేడుమిల్లి తీసుకెళ్తాను కదా. ఊరు దాటి, తారు రోడ్డు అయిపోయిన చోట మన బస్సు ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒక మట్టి దారి కిందికి దిగి, వాగులో మునిగి, అవతల మళ్ళీ పైకి లేచి చెట్లలోకి వెళ్ళిపోతుంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. పద్దెనిమిది సార్లు ఆ వాగు ఇవతలే నిలబడి, పులిహోర పొట్లాలు పంచి, పిల్లల్ని లెక్కపెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

ఒక ఏడు అలా నిలబడి ఉండగా చిన్న జీపొకటి వచ్చింది. లోపల ఎవరో పెద్దాయన, ఒక్కడే. వాగు దగ్గర ఆపాడు. కిందికి దిగి రెండు ముందు చక్రాల దగ్గరా చేత్తో ఏదో తిప్పాడు. మళ్ళీ ఎక్కాడు. గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంది, అది లాగాడు. తొందర లేదు, హడావుడి లేదు. నీళ్ళలోకి దిగాడు, అవతల గట్టెక్కాడు, చెట్లలోకి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు కాసేపు వినిపించింది, తరవాత అదీ లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి! పిల్లలు చూస్తారని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి నాకొకటే కోరిక. నేనూ అలా వెళ్ళాలి. పక్క సీట్లో కూర్చుని కాదు. స్టీరింగ్ పట్టుకుని.

మా ఆయన మూర్తి గారికి చెప్తే ఏమన్నారో తెలుసా?

"మనది డెల్టా హైమా. మనం ఎక్కే ఎత్తల్లా గోదావరి బ్రిడ్జి ఒక్కటే. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకు? మైలేజ్ వచ్చే బుల్లి కారు చూద్దాం."

"మరి వాగు?"

"వాగులోకి ఎవరు వెళ్తారు?"

"నేను!"

ఆ మాటకి ఆయన పేపర్ మడతపెట్టి స్నానానికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఆయనకి ఓడిపోతున్నానని తెలిస్తే స్నానానికి వెళ్తారు. ఆ సంవత్సరం ఎంత శుభ్రంగా ఉన్నారో చెప్పలేను.

నేను ఊరుకుంటానా? ఓ కొత్త రికార్డు పుస్తకం కొన్నాను. అదే, మన పిల్లలు లాబ్‌లో రాస్తారే, ఒక పేజీ తెల్లగా, ఒక పేజీ గీతలతో ఉంటుందే, అది. గీతల పేజీలో బండి గుణగణాలు. తెల్ల పేజీలో బొమ్మలు. కప్ప జీర్ణవ్యవస్థ వేసినట్టు ముందు యాక్సిల్ బొమ్మ వేసి, బాణాలు గీసి పేర్లు రాశాను. కలర్ పెన్సిళ్ళతో షేడింగ్ కూడా చేశాను, మీరు నవ్వకండి. మెకానిక్ షెడ్లు తిరిగి, పాత మోటారు పత్రికలు తెప్పించుకుని మూడు బండ్లు తేల్చాను. కంపెనీ పేర్లు మాత్రం అడక్కండి, చెప్తే మీలో ఎవరో ఒకరి బావగారికి అదే బండి ఉంటుంది.

ఒకటి పెద్ద డీజిల్ బండి. దర్జాగానే ఉంటుంది కానీ మా సందు మలుపు తిరగదు. తిరగాలంటే ఎదురింటి వాళ్ళు అరుగు కొట్టించుకోవాలి. రెండోది మిలటరీ వాళ్ళు తీసేసిన పాత జీపు. పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, కాకపోతే ఎక్కడికి వెళ్ళినా మెకానిక్‌ని కూడా తీసుకెళ్ళాలి. మూడోది చిన్న పెట్రోలు జీపు. పొట్టిది, తేలికది. తేలిక బండి బురదలో తక్కువ దిగుతుంది. దాని ఇంజన్ విప్పడం రాని మెకానిక్ మన రెండు జిల్లాల్లోనూ లేడు. దారిలో వదిలేసి పోయే రకం కాదు. అదీ నా బండి! ఆ పేజీ మీద ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాను.

టిక్కు పెట్టాక రెండేళ్ళు వెతికాను. కొత్తది కొనే తాహతు లేదు, పాతది అమ్మేవాడు లేడు. ఆఖరికి పోయిన వారం కొవ్వూరు మెకానిక్ ఒకాయన ఫోన్ చేశాడు. పట్టిసీమ దగ్గర గోదారి గట్టున సూర్రావు గారని రైతు, ఆయన దగ్గర సరిగ్గా నా టిక్కు బండి ఉంది, అమ్మేస్తారట. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మా ఆయనా పోలేదు, నేను పోనివ్వలేదు కాబట్టి.

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరాం. తిరిగొచ్చేటప్పుడు నేను జీపులో, ఆయన వెనకాల స్కూటర్ మీద. అదీ మా ప్లాను. బ్రిడ్జి దాటుతున్నప్పుడు చెప్పాను కూడా, "సాయంత్రం ఇదే బ్రిడ్జి మీద మిమ్మల్ని ఓవర్‌టేక్ చేస్తాను చూడండి" అని.

సూర్రావు గారికి అరవై ఉంటాయి. భార్య వరలక్ష్మి గారు. ఎంత మంచివాళ్ళనుకున్నారు! మేం స్కూటర్ దిగకముందే మజ్జిగ గ్లాసులతో ఎదురొచ్చారు. "రండి రండి, ఎండలో వచ్చారు, బండి ఎక్కడికీ పోదు, ముందు దాహం పుచ్చుకోండి" అంటూ. ఎక్కడికీ పోదట. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కడుపు మండిపోతోంది.

జీపు పాకలో ఉంది. తెల్లది. నేను దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. అంతకంటే పెద్దగా పరీక్షేమీ చెయ్యలేదు, నిజం చెప్పాలంటే. రికార్డు పుస్తకంలో ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్ళానా, ఒక్కటీ గుర్తు రాలేదు. డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. గేరు రాడ్డు ఉంది. దాని పక్కన చిన్న రాడ్డూ ఉంది! దానికి సూర్రావు గారి తువ్వాలు వేలాడుతోంది.

"బాబాయిగారూ, ఈ చిన్న రాడ్డు వాడతారా?"

"ఎప్పుడన్నా లాగుతామండి. లాగినా లాగకపోయినా ఒకటేనండి, ఆయ్."

ఆ ముక్క దగ్గర నాకు డౌటు రావాలి. వచ్చింది కూడా. ఆ రకం జీపులో రాడ్డు ఒక్కటీ లాగితే చాలదు. ముందు చక్రాల నడిమధ్యన గుండ్రటి మూత ఒకటి ఉంటుంది, దాని మీద ఇంగ్లీషులో ఫ్రీ అనీ లాక్ అనీ రాసి ఉంటుంది. కిందికి దిగి, రెండు పక్కలా ఆ మూత చేత్తో లాక్‌లోకి తిప్పాలి. వాగు దగ్గర ఆ పెద్దాయన తిప్పింది అదే. తిప్పకపోతే రాడ్డు ఎన్నిసార్లు లాగినా ముందు చక్రాలకి పవర్ రాదు. ఇదంతా నేను బొమ్మ వేసి, బాణం పెట్టి రాసుకున్నదే.

దిగి ముందు చక్రం దగ్గర వంగాను. మూత ఉంది. దాని మీద అక్షరాలు మాత్రం కనపడలేదు. కనపడింది ఏంటి? పసుపు! అంగుళం మందాన పసుపు. దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

"ప్రతి శుక్రవారం నేనే పెడతానమ్మా," అన్నారు వరలక్ష్మి గారు నా వెనక నిలబడి, ఎంతో మురిపెంగా. "బండి మా ఇంటికొచ్చి ఆరేళ్ళు. ఒక్క వారం తప్పలేదు. దేవుడి దయ వల్ల చిన్న గీత కూడా పడలేదు."

ఇప్పుడు చెప్పండి. మీరైతే ఏం చేస్తారు? శుభమా అని బండి కొనడానికి వచ్చి, పెద్దావిడ ఆరేళ్ళు పెట్టిన బొట్టుని గీకి చూస్తాను అంటారా? నాకు నోరు రాలేదు. లాక్‌లోనే ఉండి ఉంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకుని, బొట్టుకి దణ్ణం పెట్టి లేచాను.

రేటు పది నిమిషాల్లో కుదిరింది. మా ఆయన జేబులో చెయ్యి పెట్టారు. వరలక్ష్మి గారు "ఆగండాగండి బాబుగారూ!" అని క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తారు. వర్జ్యం. రెండూ ముప్పావు దాకా. "వర్జ్యంలో బయానా తీసుకుంటే ఆ బండి మీకు అచ్చిరాదు. భోంచేసి, కాసేపు నడుం వాల్చి, వర్జ్యం వెళ్ళాక ఇద్దురుగాని." అంతా నా మంచికే అన్నారు, పాపం ఆవిడ. ఆ కవరు అప్పుడే చేతులు మారి ఉంటే నేనీపాటికి మీకు జీపులో టీ పోయించేదాన్ని.

భోజనం గురించి చెప్పనా వద్దా? గారెలు, నాటుకోడి పులుసు, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించారు. "చాలండీ" అంటే ఒక గారె. "అమ్మో, నావల్ల కాదండీ" అంటే ఇంకో గారె. "నిజంగా వద్దు పిన్నిగారూ" అని దణ్ణం పెడితే రెండు గారెలు. మా ఆయన బెల్టు వదులు చేసుకోవడం నేను చూడనట్టు నటించాను.

ఒంటిగంటన్నరకి సూర్రావు గారు అన్నారు కదా, "ఇంకా గంటపైన ఉంది. ఈలోగా ఓ రౌండు నడుపుతారా మేడం గారూ? ఎలాగూ మీ బండే కదా."

మీ బండే కదా! ఆ మాట వినడానికి ఎన్నేళ్ళు ఎదురుచూశాను నేను!

పాకలోకి వెళ్ళేసరికి వెనకాల సామాను సర్దేసి ఉంది. అరటి గెల, కొబ్బరికాయల బస్తా, రెండు ఆవకాయ జాడీలు. "బండి మీదే కదమ్మా, మళ్ళీ మర్చిపోతామని ముందే పెట్టించేశాను" అన్నారు వరలక్ష్మి గారు. అని, ఆవిడ కూడా ఎక్కి జాడీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ పక్కన సూర్రావు గారు. ముందు సీట్లో మా ఆయన. స్టీరింగ్ దగ్గర నేను.

గట్టు మీద హాయిగా వెళ్ళింది. కింద గోదారి, ఏప్రిల్ కదా, నీళ్ళు పాయలుగా చీలి, మధ్యంతా ఇసుక తిన్నెలు. గట్టు దిగే బాట కనపడింది. తిప్పాను.

"అటొద్దమ్మా, ఇసుక," అన్నారు సూర్రావు గారు.

"ఇసుకకే కదండీ బాబాయిగారూ ఫోర్ వీల్ పెట్టింది!" అని తువ్వాలు తీసి మా ఆయన చేతికిచ్చి, చిన్న రాడ్డు లాగాను. ఎంత స్టైల్‌గా లాగానో మీరు చూడాల్సింది.

ముప్పై గజాలు స్వర్గం. తరవాత బండి మెల్లగా కూర్చుంది. మా వీధి ముసలి కుక్క కూర్చునేది అలాగే, వెనక భాగం ముందు. నేను యాక్సిలరేటర్ తొక్కాను. క్లాసులో పిల్లలకి అర్థం కాకపోతే అదే వాక్యం ఇంకా గట్టిగా చెప్తాం చూడండి, అలా తొక్కాను. వెనక చక్రాలు ఇసుక చిమ్మాయి, యాక్సిల్ దాకా దిగిపోయాయి. కొబ్బరికాయలు బస్తాలోంచి దొర్లాయి. జాడీ మూత ఊడి ఆవకాయ నూనె మా ఆయన వీపు మీదుగా కారింది. ఇస్త్రీ చొక్కా. తెల్లది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా, "హైమా, వెనక ఏదో వెచ్చగా ఉంది" అన్నారు.

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే సూర్రావు గారు హాయిగా కాళ్ళు చాపుకున్నారు. "కంగారు పడకండి. ఎడ్లు వస్తాయి. ఇది మామూలే."

"మామూలే ఏంటండీ?"

"ఆరేళ్ళ నుంచీ ఇంతేనమ్మా. గోదారి మధ్య లంకలో మాకు నాలుగెకరాలుంది, అక్కడికి పోదామనే దీన్ని కొన్నాను. ఎప్పుడు దిగినా ఇక్కడే కూలబడుద్ది. ఆ రాడ్డు ఉత్తదే. అందుకే అమ్మేద్దామని..." అని నాలిక కరుచుకున్నారు. వరలక్ష్మి గారు ఆయన్ని మోచేత్తో ఒక్క పోటు పొడిచారు.

నేను కిందికి దిగాను. ముందు చక్రాలు చూశాను. వెనకవి గొయ్యి తవ్వేసుకున్నాయి, ముందువి ఒక్క చుట్టు కూడా తిరిగినట్టు లేదు. వాటి మీద పసుపు, కుంకుమ చెక్కుచెదరకుండా మెరిసిపోతున్నాయి. అర్థమైపోయింది. ఆరేళ్ళుగా ఈ బండి ముందు చక్రాలకి పవరే లేదు. ఆ పసుపు కింద మూత ఫ్రీలోనే ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ క్షణంలో ప్రపంచం మొత్తంలో ఆ రహస్యం తెలిసింది నాకూ, నా సోదంతా రోజూ వినే మా ఆయనకీ. నేను నోరు మూసుకుంటే చాలు! ఎడ్లు వస్తాయి, లాగుతాయి, వర్జ్యం వెళ్తుంది, కవరు ఇస్తాం, ఇంటికెళ్ళి పసుపు కడుక్కుంటాం. బండి నాది. మా ఆయన కిటికీలోంచి కళ్ళు పెద్దవి చేసి, ఊరుకో, ఊరుకో అని సైగ కూడా చేశారు. నేను ఊరుకునేదాన్నే. దేవుడి మీద ఒట్టు, ఊరుకునేదాన్ని.

కానీ సూర్రావు గారు నన్ను ఓదార్చారు. "మీరేం బాధపడకండి మేడం గారూ. ఇసుకలో నడపడం మా మగాళ్ళ వల్లే కాలేదు, ఆడవాళ్ళు మీరేం చేస్తారు!"

అన్నారా! ఇంకేముంది!

"బాబాయిగారూ, దిగండి," అన్నాను. "ఇలా రండి. ఇదేంటి? చక్రం. దీని మధ్యలో ఇదేంటి?" అని మొదలుపెట్టి ఇసుకలో పుల్లతో బొమ్మ గీశాను. ఇంజన్, షాఫ్టు, యాక్సిల్, మూత. బాణాలు కూడా పెట్టాను. మా ఆయన డాష్‌బోర్డు మీద తల ఆన్చేసుకున్నారు.

సూర్రావు గారు మంచి స్టూడెంట్. ఒక్కసారికే అర్థం చేసుకున్నారు. చిక్కల్లా వరలక్ష్మి గారితో వచ్చింది.

"బొట్టు చెరపడమా? వర్జ్యంలోనా? నా కంఠంలో ప్రాణం ఉండగా కాదు!"

ఆ ఎండలో, ఆ ఇసుకలో, పావుగంట చర్చ. చివరికి సూర్రావు గారే దారి చూపించారు. "చెరపొద్దే. గోదారి నీళ్ళతో కడుగుదాం. స్నానం చేయిస్తే తప్పేముంది? స్నానమయ్యాక నువ్వే మళ్ళీ పెట్టు." ఆవిడ ఆలోచించారు. స్నానం అయితే సరే అన్నారు. అప్పుడు ఆయన పాయ దగ్గరికి వెళ్ళి తువ్వాలు తడిపి తెస్తే, ఆవిడే దగ్గరుండి, ఏదో స్తోత్రం చదువుకుంటూ, రెండు చక్రాలకీ స్నానం చేయించారు. ఆరేళ్ళ పసుపు అడుగున అక్షరాలు బయటపడ్డాయి. ఫ్రీ. నేను బండిలో ఉన్న కట్టింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పాను. మొరాయించింది. ఇంకో పట్టు పట్టాను. టక్! లాక్. రెండో పక్కా అంతే.

సామాను దింపించాను. టైర్ల ముందు ఇసుక తీసి గట్టు మీంచి కొబ్బరి మట్టలు తెప్పించి పరిచాను. ఎక్కి, చిన్న రాడ్డు చివరిదాకా లాగి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాను.

వచ్చింది. ఎవరో ముందు నుంచి చెయ్యి పట్టుకుని లేపినట్టు, నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా బయటికి వచ్చింది. నేను ఆపలేదు. ఎలా ఆపుతాను? తిన్నె ఎక్కించాను, దింపాను, ఎదురుగా పాయ. మోకాలి లోతు నీళ్ళు. అందులోకి పోనిచ్చాను. నీళ్ళు తలుపు కింద గలగలమన్నాయి, అద్దం మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అవతల తడి ఇసుక మీదికి ఎక్కేశాను. ఇంజన్ ఆపి కూర్చున్నాను. ఒక్కదాన్నే. అవతల గట్టున వాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొడుతున్నారు. నలభై రెండేళ్ళు వచ్చాక ఇంత సంతోషం ఉంటుందని నాకు తెలీదు. మీకు నవ్వులాటగా ఉంటుంది కానీ, ఆ రెండు నిమిషాలూ నాకింక ఏదీ అక్కర్లేదనిపించింది.

వెనక్కి వచ్చాక సూర్రావు గారు గొంతు సవరించుకున్నారు. "ఒక్కసారి... నేను నడపనా అమ్మా?"

నడిపారు. పాయ దాటారు. అవతల తిన్నె ఎక్కారు. అటు నుంచి అటే లంకలో తన పొలం గట్టు దాకా వెళ్ళిపోయారు. ఆరేళ్ళలో ఎన్నడూ ఆ బండి చేరని పొలం. బాగా దూరం నుంచి హారన్ వినిపించింది. ఒకటి కాదు, పది సార్లు. తిరిగొచ్చి దిగినప్పుడు ఆయన ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. రోజూ నా అద్దంలో ఉండే ముఖమే.

ఇంటికి వచ్చాం. మూడయింది, వర్జ్యం వెళ్ళిపోయింది. మా ఆయన, వీపంతా ఆవకాయతో, కవరు తీశారు. సూర్రావు గారు దాన్ని తీసుకోరు, కాదనరు. నేల చూస్తున్నారు.

"ఏంటండీ?" అన్నాను.

"ఏం లేదమ్మా. మాట ఇచ్చాను. మాట మాటే." జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు. "తీసుకెళ్ళండి. కాకపోతే... ఇన్నాళ్ళకి పొలం దాకా వెళ్ళిందా అని... ఆయ్, అంతేనండి. తీసుకెళ్ళండి."

తాళం నా చేతిలో ఉందండీ బాబూ! వెచ్చగా, నా గుప్పిట్లో! పిడికిలి బిగించి స్కూటర్ ఆయనకొదిలేసి జీపెక్కి వచ్చెయ్యాలి కదా. మనిషన్నవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. కానీ నా నోరు, ఈ దరిద్రపు మొహమాటపు నోరు, నన్ను అడక్కుండా తెరుచుకుంది.

"అయ్యో, పర్లేదు బాబాయిగారూ. మీకు అంత ఇష్టంగా ఉంటే మీరే ఉంచుకోండి."

మన వైపు పద్ధతి మీకు తెలుసు కదా. మనం వద్దంటాం, వాళ్ళు కాదు కాదంటారు, మనం మళ్ళీ వద్దంటాం, వాళ్ళు బలవంతం చేస్తారు, అప్పుడు మనం సరే మీ మాట ఎందుకు కాదనాలి అని పుచ్చుకుంటాం. నేను ఆ రెండోసారి కోసం చెయ్యి చాపి నిలబడ్డాను. గారె వద్దంటే మూడుసార్లు వడ్డించిన ఇల్లు అది! ఆయన ఏం చేశారో తెలుసా? ఒక్కసారికే తాళం తీసేసుకున్నాడు మహానుభావుడు! "మీది ఎంత పెద్ద మనసమ్మా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడేమో నాకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చారు.

అరటి గెల ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన ఒక్క జాడీ కాళ్ళ మధ్య ఇరికించుకుని, స్కూటర్ వెనక కూర్చుని వచ్చాను. బ్రిడ్జి మీద నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలిసింది. ఆఖరికి, "బుల్లి కారుకి కూడా నాలుగు చక్రాలే కదా హైమా" అన్నారు. ఓదార్పట. ఆయన వీపు మీద ఆవకాయ వాసన కొడుతుంటే ఏమని తిట్టను?

అయిపోయిందనుకున్నారా? ఇవాళ పొద్దున పెసరట్టు పెనం మీద వేశానో లేదో ఫోను. సూర్రావు గారు, సెల్లులో, గోదారి మధ్య నుంచి.

"మేడం గారూ, కొంచెం దిగబడిందండి. మూతలు లాక్ చేశాను, రాడ్డు లాగాను. తరవాతేంటండి?"

"ఏ గేర్లో ఉన్నారు?"

"రెండండి."

"రెండొద్దు! ఒకటి వెయ్యండి. టైర్ల ముందు ఇసుక తీశారా? స్టీరింగ్ తిన్నగా పెట్టండి. క్లచ్ మెల్లగా... మెల్లగా... యాక్సిలరేటర్ తొక్కకండి... ఆఁ, వదలండి, వదలండి..." నా ఎడమ కాలు నేల మీద క్లచ్ వదులుతోంది. కుడి చేతిలో అట్లకాడ. మా ఆయన పేపర్ దించి చూస్తున్నారు. ఫోన్లో ఇంజన్ మూలిగింది, కుదుటపడింది, తరవాత హాయిగా పరిగెత్తింది.

"వచ్చేసిందమ్మా! వచ్చేసింది!" ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. "ఏం బండండీ ఇది! బంగారం! మేడం గారూ, నా మాట వినండి. మీకు ఇంత తెలుసు, ఇంత బాగా నడుపుతారు. మీరు కూడా ఇలాంటిదొకటి కొనుక్కోవాలండి!"

ఇంకేమంటాను?

"ఆయ్, అలాగేనండి," అన్నాను.